600 ఏళ్ల కొయ్యలో పాతది ఏది?

మైలాపూరులో మా కింది వాటాలో ఉండే బాబాయిగారి సొంతూరు కావలి. చెన్నైకి వచ్చి 50 ఏళ్లు దాటాయి. చేసింది బ్యాంకు ఉద్యోగమే అయినా, వారిది తాతల నాటి నుంచి వడ్రంగం చేసిన కుటుంబం. మా భవనంలో ఎవరు బల్ల కొన్నా మంచం కొన్నా ఆయన వచ్చి వేలితో ఒకసారి తట్టి చూడాల్సిందే.

నేపాల్ నుంచి తెచ్చుకున్న జానెడు కొయ్య కిటికీని చూపించడానికి ఆయన దగ్గరికి వెళ్లాను. భక్తపూర్‌లో దత్తాత్రేయుడి గుడి ఉందనీ, 600 ఏళ్ల నాటి కొయ్య గుడి అనీ గొప్పగా చెప్పాను. ఆయన కిటికీని తట్టి చూసి పక్కన పెట్టారు. "గుడి 600 ఏళ్లదా, కొయ్య 600 ఏళ్లదా అమ్మా? కొయ్య అంటే మాత్రం నమ్మను. అంత వానలో, అన్ని భూకంపాల్లో ఏ కొయ్య నిలుస్తుంది?"

ఆ పూట నా దగ్గర జవాబు లేదు. అప్పటి నుంచి చదివినదీ, అక్కడ కళ్లారా చూసినదీ కలిపి ఆలోచిస్తే, ఆయన అడిగింది ఒక్క ప్రశ్న కాదని అర్థమైంది.

ముందు ఆ చోటు గురించి చెప్పాలి. భక్తపూర్ కాఠ్మండూకు తూర్పున 13 కిలోమీటర్ల దూరంలో, అదే లోయలో ఉన్న నేవార్ల పట్టణం. నేవార్లంటే ఆ లోయ మూలవాసులు. యాత్రికులు మొదట రాజభవనం ముందున్న దర్బార్ చౌక్‌కు వెళతారు. ఆ తర్వాత 1702లో ఇక్కడి రాజు భూపతీంద్ర మల్లుడు కట్టించిన ఐదంతస్తుల న్యాతపోల గుడికి వెళతారు. చాలామంది అక్కడితో వెనుదిరుగుతారు. ఇటుకలు పరిచిన వీధి వెంట ఇంకొంచెం తూర్పుకు నడిస్తే దత్తాత్రేయ చౌక్ వస్తుంది. అక్కడివారు దాన్ని టచుపాల్ అంటారు. రాజుల నివాసం పడమటికి జరగక ముందు ఊరికి నడిబొడ్డు ఇదే.

దత్తాత్రేయుడు అనగానే మనకు పిఠాపురం, శ్రీపాద శ్రీవల్లభులు గుర్తుకొస్తారు. ఇక్కడ ఆయనకు మూడంతస్తుల గుడి ఉంది. యక్ష మల్లుడి కాలంలో, 15వ శతాబ్దంలో మొదలైన కట్టడం. ముందు భాగం తర్వాత చేర్చారు. వాకిట్లో ఇద్దరు రాతి మల్లయోధులు కాపలా కాస్తుంటారు. ఎదురుగా ఎత్తయిన స్తంభం మీద గరుత్మంతుడు, శంఖం, చక్రం. చౌక్‌కు ఆ చివర, నేవార్ వర్తకులు ఇలవేల్పుగా కొలిచే భీమసేనుడి గుడి. దత్తుడి గుడి వెనుక వైపున పూజారి మఠం ఉంది. ఇప్పుడు అందులో కొయ్య శిల్పాల ప్రదర్శనశాల నడుస్తోంది.

పేరుమోసిన నెమలి కిటికీ ఆ మఠం పక్క సందులో ఉంది. సందు ఎంత ఇరుకంటే, కిటికీ మొత్తం కళ్లకు ఆనాలంటే ఎదుటి గోడకు వీపు ఆనించి తల పైకెత్తాలి. నడుమ నెమలి నిలబడి పురి విప్పింది. బండి చక్రానికి ఆకులు ఉన్నట్టు ఈకలన్నీ నడుమ నుంచి అంచుకు సాగాయి. ఈకకూ ఈకకూ మధ్య చెక్క లేదు, ఖాళీ ఉంది. ఆ ఖాళీల్లోంచే గదిలోకి గాలి, వెలుతురు వెళతాయి. లోపల కూర్చున్న వారికి వీధి కనిపిస్తుంది. వీధిలో ఉన్న నాకు ఈకల వెనుక చీకటి తప్ప ఇంకేమీ కనిపించలేదు. అంచుల్లో ఉలి ఎంత సన్నని గీత గీసిందో, దాని మీద వానకు పట్టిన నలుపు ఎంత మందంగా ఉందో చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. సందులోంచి వచ్చే పోయేవారికి రెండుసార్లు దారి ఇవ్వాల్సి వచ్చింది.

ఇక బాబాయిగారి ప్రశ్న. కొయ్య అన్నేళ్లు నిలుస్తుందా?

ఏ కొయ్య అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆ లోయలోని పాత గుళ్ల దూలాలు, స్తంభాలు, కిటికీ చట్రాలు చాలా వరకు సాల వృక్షానివి. సాల మనకు పరాయి చెట్టు కాదు. ఉత్తరాంధ్ర కొండల అడవుల దాకా పెరుగుతుంది. మన ఇళ్లలో పొగ వేసే గుగ్గిలం దాని బంకే. శేషాచలం కొండల్లోని జాలారి ఆ కుటుంబంలోని చెట్టే. సాల చేవలో ఆ బంక నిండి ఉంటుంది కాబట్టి చెదలు తొందరగా తాకవు. ఎండిన సాల దూలంలో మేకు కొడితే మేకే వంగిపోతుంది. యాత్రికులకు అమ్మే చిన్న కిటికీలకు, బొమ్మలకు మెత్తగా తెగే సంపెంగ కర్రను కూడా వాడతారు.

చేవ ఒక్కటే చాలదు. నీళ్లు కొయ్యకు శత్రువులని మనం అనుకుంటాం. అది సగమే నిజం. తడవడం, ఆరడం, మళ్లీ తడవడం, ఈ వరసే కొయ్యను తినేస్తుంది. చెన్నైలో ఉన్నవారికి ఇందుకు దగ్గరి ఉదాహరణ కంచి అత్తి వరదరాజస్వామి. అత్తి కర్రతో చేసిన ఆ మూర్తి 1979లో ఒకసారి, మళ్లీ 40 ఏళ్లకు 2019లో కోనేటిలోంచి బయటికి వచ్చింది. 48 రోజుల ఆ దర్శనానికి మా వీధి నుంచి వెళ్లని ఇల్లు లేదు. అన్నేళ్లు నీటి అడుగున ఉన్న కర్ర చెక్కుచెదరక పోవడం దైవమహిమ అని భక్తులు అంటారు. గాలి అందని నీటిలో కొయ్యను చివికించే బూజు బతకలేదని కలప తెలిసినవారు అంటారు. నాకు ఆ రెండు మాటలకూ పేచీ కనిపించదు. పూర్తిగా నీటిలో ఉంచు, లేదా పూర్తిగా పొడిగా ఉంచు అన్నదే సూత్రం.

నేవార్ వడ్రంగులు రెండో దారి పట్టారు. వారి గుళ్ల చూర్లు గోడ దాటి చాలా దూరం ముందుకు చొచ్చుకొస్తాయి. వాన గోడను తాకదు. పెంకులు, వాటి కింద పరిచే మట్టి కలిసి చూరు చాలా బరువు తూగుతుంది. ఆ బరువును మోయడానికి గోడలోంచి ఏటవాలుగా పైకి లేచే ఊతకర్రలు పెట్టారు. వాటిని తుణాలలు అంటారు. దేవతలు, యక్షిణులు, శృంగార దృశ్యాలు అన్నీ ఉండేది వీటి మీదే. మూలల్లో ఉండే కర్రలకు రెక్కలున్న వ్యాళాలను చెక్కుతారు. మన మండపాల స్తంభాల మీది యాళిని చూసిన కంటికి అవి కొత్తగా అనిపించవు. న్యాతపోలలో ఇలాంటి ఊతకర్రలు 108. కింద నిలబడి చూసేవారు శిల్పాన్ని చూస్తారు. ఆ శిల్పం మాత్రం వాన పడకుండా చూరును ఎత్తి పట్టుకుని ఉంటుంది. అలంకారం, అవసరం ఇంతగా ఒకటైపోయిన పనిని నేను వేరే చోట చూడలేదు.

భూకంపాల సంగతి ఇంకా చిక్కుది. లోయను 1934 జనవరిలో ఒకటి, 2015 ఏప్రిల్ 25న 7.8 తీవ్రతతో ఇంకొకటి కుదిపేశాయి. రెండోదానిలో దాదాపు 9,000 మంది చనిపోయారు. దత్తాత్రేయుడి గుడి, న్యాతపోల చాలా వరకు నిలిచాయి. భక్తపూర్‌లోనే రాతితో కట్టిన వత్సలా దుర్గ గుడి నేలమట్టమైంది. దీన్ని బట్టి కొయ్య నిలుస్తుంది, రాయి కూలుతుంది అని తేల్చేస్తే పొరపాటే. కొయ్య కట్టడాలు కూడా కూలాయి. ఎందుకు కూలాయన్నదే అసలు పాఠం.

ఈ కట్టడాల్లో మేకులు దాదాపు ఉండవు. ఒక కర్ర చివరను నాలుకలా చెక్కి, రెండో కర్రలో తొలిచిన గాడిలో దించుతారు. అవసరమైన చోట కొయ్య చీల బిగిస్తారు. నేల కదిలినప్పుడు ఆ కీళ్లు కొద్దిగా ఒరుసుకుంటూ కదులుతాయి. అలా కదలడంలోనే కుదుపు బలం కొంత ఖర్చయిపోతుంది. మేకు కొట్టి బిగించిన చోట అలా జరగదు. కర్ర చీలుతుంది, లేదా మేకు ఊడివస్తుంది. అయితే కీలు కీలుగా ఉన్నంత వరకే ఈ లెక్క పనిచేస్తుంది. గోడలోకి దూరిన దూలం కొస చెమ్మకు పుచ్చిపోయి, కంటికి కనిపించకుండా ఉంటే, మొదటి కుదుపుకే అది ఊడివస్తుంది.

కాఠ్మండూ అన్న పేరుకు మూలమైన కాష్ఠమండపం 2015లో అలాగే కుప్పకూలింది. తర్వాత జరిపిన తవ్వకాల్లో పునాదులు 7వ శతాబ్దం నాటివనీ, గట్టిగానే ఉన్నాయనీ తేలింది. లోపం పైన ఉంది. నాలుగు ప్రధాన స్తంభాల్లో ఒకదాని అడుగున రాతి దిమ్మెలో దిగాల్సిన కొయ్య నాలుక పుచ్చిపోయి ఉంది. 1960లలో చేసిన మరమ్మతులో దాన్ని మళ్లీ అమర్చలేదు. అంత పెద్ద మండపంలో నాలుగో కాలు రాతిలో దిగకుండా కేవలం దాని మీద ఆని ఉంది. ఈ సంగతి చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఆ రోజు ఆ మండపంలో రక్తదాన శిబిరం జరుగుతోంది. లోపల మనుషులున్నారు.

కాబట్టి వాన, భూకంపం అన్న రెండు అనుమానాలకూ జవాబు ఒకటే. ఎవరో ఒకరు ఎప్పుడూ చూసుకుంటూ ఉంటే కొయ్య నిలుస్తుంది. చూసుకోవడం అంటే పాడైన ముక్కను తీసి కొత్తది పెట్టడం. అక్కడే బాబాయిగారి అసలు ప్రశ్న ఎదురవుతుంది. ముక్కలు మారుతూ పోతే, 600 ఏళ్లదని చెప్పేది దేన్ని?

అదే లోయలోని పాటన్ పట్టణంలో ఉకు బహాల్ అనే బౌద్ధ విహారంలో చూరు కింద సాలభంజికల ఊతకర్రలు ఉన్నాయి. విక్రమార్కుడి సింహాసనం కథల వల్ల సాలభంజిక మాట మనకు చిన్నప్పటి నుంచే తెలుసు. సాల కొమ్మను వంచి పట్టుకున్న స్త్రీ అని దాని అర్థం. ఇక్కడ ఆమె రూపం కర్రలోనే ఉంది. రేడియో కార్బన్ పరీక్ష చేస్తే, ఆ కర్రల్లో కొన్ని అందరూ అనుకున్నదానికంటే శతాబ్దాల పాతవని, 1,000 ఏళ్లు దాటినవని తేలింది. వాటిని మోస్తున్న భవనం మాత్రం అంత పాతది కాదు. అంటే పాత కట్టడం పోయినా దాని కర్రలను దాచి కొత్తదానిలో కూర్చారు. కాష్ఠమండపానిది దీనికి తలకిందుల కథ. పునాది 7వ శతాబ్దానిది, ఇప్పుడు పైనున్న కొయ్య చాలా వరకు 2015 తర్వాతది. స్థానికులు పూనుకుని, కాంక్రీటు లేకుండా పాత పద్ధతిలోనే మళ్లీ నిలబెట్టారు. ఒకచోట కొయ్య పాతది, ఇల్లు కొత్తది. ఇంకొకచోట నేల పాతది, కొయ్య కొత్తది. ఈ లోయలో ఏ కట్టడానికీ ఒకే వయసు ఉండదు.

దత్తాత్రేయుడి గుడీ, కాష్ఠమండపమూ ఒకే చెట్టు కలపతో కట్టినవన్న కథ ఈ రెండు చోట్లా చెబుతారు. మూడంతస్తులకు ఒక్క చెట్టు ఎలా చాలుతుందని వాదన పెట్టుకోవడం నాకు ఇష్టం లేదు. కట్టడం అంతా ఒక్క ప్రాణం అని చెప్పడానికి ఆ ఊరివారు ఎంచుకున్న మాట అది.

పశ్చిమ దేశాల పరిరక్షకులు ఈ విషయంలో చాలాకాలం తడబడ్డారు. 1964 నాటి వెనిస్ ఒడంబడిక ప్రకారం కట్టడం విలువ దాని అసలు పదార్థంలో ఉంటుంది. కొత్తగా చేర్చినది ఏదైనా కొత్తదని తెలిసేలా ఉండాలి. రాతి దేశాలకు అది సరిపోయే న్యాయం. జపాన్‌లోని ఇసే ఆలయాన్ని 20 ఏళ్లకు ఒకసారి పూర్తిగా కొత్త కొయ్యతో కడతారు. 2013లో జరిగింది 62వ సారి. వెనిస్ లెక్కలో ఇసే వయసు ఎప్పుడూ 20 ఏళ్ల లోపే. ఈ చిక్కును విప్పడానికే 1994లో జపాన్‌లోని నారాలో సమావేశమై ఒక పత్రం రాసుకున్నారు. ఒక కట్టడం అసలుదా కాదా అన్నది దాని రూపం, వాడుక, పనితనం, సంప్రదాయం అన్నీ చూసి, ఆ సంస్కృతి కళ్లతో తేల్చాలని అందులో ఒప్పుకున్నారు.

మనకు ఈ మాట చెప్పడానికి ఒడంబడిక అక్కర్లేదని నాకు అనిపిస్తుంది. గుడి బాగు చేసేటప్పుడు బాలాలయం కట్టి, స్వామి కళను అందులోకి మార్చి, పని అయ్యాక కుంభాభిషేకంతో మళ్లీ తీసుకురావడం ఇక్కడ పిల్లలకు కూడా తెలుసు. లోయలో భూకంపం వచ్చిన ఆ 2015లోనే, జూన్‌లో, పూరీ జగన్నాథుడికి నవకళేబరం జరిగింది. వేప కర్ర మూర్తులు మారాయి, లోపలి బ్రహ్మ పదార్థం కొత్త మూర్తుల్లోకి చేరింది. జగన్నాథుడి వయసు ఎంతని అడిగితే 2015 నుంచి లెక్కపెట్టేవారు ఎవరూ ఉండరు.

రథాల సంగతీ అంతే. మైలాపూరు మాడ వీధుల్లో ఫాల్గుణ మాసపు ఉత్సవంలో ఏడో రోజు కపాలీశ్వరుడి రథం కదులుతుంది. శిల్పాలు చెక్కిన కింది భాగం మాత్రమే స్థిరమైన కొయ్య. పైనున్న శిఖరం ఏటేటా వెదురు, గుడ్డలతో కట్టేదే. తమిళనాడులో చాలా రథాలకు ఇప్పుడు తిరుచ్చి భెల్ కర్మాగారంలో తయారైన ఇనుప చక్రాలున్నాయి. చక్రం మారిందని ఎవరూ తాడు వదిలిపెట్టలేదు. 2020 సెప్టెంబరులో అంతర్వేది లక్ష్మీనరసింహుడి రథం కాలిపోయినప్పుడు, మా చెన్నై తెలుగు ఇళ్లలోనూ ఆ రోజంతా అదే మాట. మరుసటి ఏడాది కల్యాణోత్సవాల వేళకు టేకుతో కొత్త రథం సిద్ధమైంది. దాన్ని కొత్త రథం అనే అన్నారు, అయినా అది అంతర్వేది రథమే.

ఇంతవరకు చెప్పింది విని, అయితే పాత కొయ్య పోయినా ఫర్వాలేదన్నమాట అనుకోకూడదు. నా మాట అది కాదు. పాత ముక్క ఒక పాఠం. ఉలి ఎటు నుంచి దిగిందో, కీలు ఎంత లోతు ఉండాలో తర్వాతి వడ్రంగికి చెప్పేది అదే. నమూనా లేకుండా చేసిన కొత్త ముక్క ఊహ మాత్రమే అవుతుంది. అందుకే పాత శిల్పాలు దొంగల పాలవడం, అమ్ముడైపోవడం ఇంత బాధ పెడుతుంది. కారైకుడి పాత సామాన్ల వీధిలో చెట్టినాడు ఇళ్ల ద్వారబంధాలు, స్తంభాలు గోడకు ఆనించి వరసగా నిలబెట్టి ఉంటాయి. వాటి మీద పని ఎంత గొప్పగా ఉన్నా, ఏ ఇంటి బరువు మోశాయో చెప్పే దారి తెగిపోయింది.

కాంక్రీటు, ఇనుము సంగతి ఏమిటి? భక్తపూర్ దర్బార్ చౌక్‌లో చ్యాసిలిన్ మండపం అని ఎనిమిది మూలల కట్టడం ఉంది. 1934లో కూలింది. జర్మనీ సాయంతో 1980ల చివర్లో, పాత చిత్రాలు చూసి, మిగిలిన పాత స్తంభాలను కలుపుకుని మళ్లీ కట్టారు. లోపల ఉక్కు చట్రం పెట్టారు. అప్పట్లో చాలా విమర్శలొచ్చాయి. 2015లో అది నిలిచింది. ఉక్కు పెట్టినవారి వాదనకు ఇది బలం. అయినా నా మొగ్గు పాత పద్ధతి కొయ్య కీళ్ల వైపే. ఆ ఉక్కు తుప్పు పడితే బాగుచేసే చేతులు ఆ వీధిలో ఉండవు, కొయ్య కీలు పాడైతే ఉంటాయి. కాఠ్మండూలోని రాణీ పోఖరి అనే పాత చెరువును కాంక్రీటుతో కట్టబోతే జనం అడ్డుపడి, చివరికి పాత పద్ధతిలోనే 2020లో పూర్తి చేయించుకున్నారు. వారి ఆలోచన కూడా ఇలాంటిదే.

చేతులు నిలవాలంటే తిండి కావాలి. వెనుకటి రోజుల్లో అది గుఠీల నుంచి వచ్చేది. గుఠీ అంటే గుడికో, పండుగకో, మరమ్మతుకో రాసిచ్చిన భూమి, దాన్ని చూసుకునే బృందం. మన దేవుడి మాన్యాలు, ఊళ్లలో వడ్రంగి మాన్యాలు గుర్తున్నవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. ఆ భూములు చేజారాక ఏటేటా జరగాల్సిన చిన్న మరమ్మతులు ఆగిపోయాయి. చిన్నవి ఆగితే పెద్దవి తప్పవు. 1970ల మొదట్లో, అప్పటి యువరాజు బీరేంద్ర పెళ్లి కానుకగా పశ్చిమ జర్మనీ పూజారి మఠాన్ని బాగుచేయించింది. ఆ తర్వాత 1974 నుంచి ఊరంతటికీ విస్తరించిన ప్రాజెక్టులో శిల్పకారుల ఇళ్లలో మళ్లీ ఉలి చప్పుడు పెరిగింది. 2019లో గుఠీల మీద తెచ్చిన బిల్లుకు వ్యతిరేకంగా కాఠ్మండూ వీధుల్లో పోటెత్తిన జనాన్ని చూసి ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకుంది.

నా కిటికీని ఆ చౌక్ పక్క వీధిలోనే కొన్నాను. దుకాణంలో ఒక యువకుడు నేల మీద కూర్చుని, చెక్కను పాదాలతో అదిమి పట్టి, కొయ్యసుత్తితో ఉలి మీద చిన్న చిన్న దెబ్బలు వేస్తున్నాడు. చేయి ఆగకుండానే నాతో హిందీలో మాట్లాడాడు. "ఇది పాతదేనా?" అని అడిగాను. పాతదంటే మురుస్తాననుకున్నాను కాబోలు. అతను తల అడ్డంగా ఊపాడు. "కొత్తది. నేనే చేశాను. పాతదైతే అమ్మకూడదు" అన్నాడు. నేపాల్‌లో 1956 నాటి చట్టం 100 ఏళ్లు దాటిన కళావస్తువులను దేశం దాటించడాన్ని నిషేధించింది. అతని గొంతులో చట్టం భయం లేదు. "నేనే చేశాను" అన్నప్పుడు మాత్రం సుత్తి ఒక్క క్షణం ఆగింది.

ఇదంతా బాబాయిగారికి రెండు మూడు సాయంత్రాల్లో చెప్పాను. ఆయన ఎక్కువగా విన్నది కీళ్ల గురించే. కిటికీ జాలీలో మేకు గానీ జిగురు గానీ లేదంటే నమ్మక, భూతద్దం తెచ్చి వెనక్కి తిప్పి చూశారు. చిన్న చిన్న పుల్లలు ఒకదానిలో ఒకటి సగం సగం తొలిచి అల్లుకుని ఉన్నాయి. అంచు పుల్ల తీస్తే మిగతావి వరసగా వచ్చేస్తాయని గుర్తుపట్టారు. గోటితో తోశారు, తర్వాత ఇంట్లో ఉన్న సన్నటి ఉలి మొనతో మెల్లగా తోశారు. కదలలేదు.

"అక్కడి పొడి గాలికి చేసిన కొయ్య. మన సముద్రపు గాలికి ఉబ్బింది" అన్నారు. "ఇప్పుడు తీస్తే విరుగుతుంది. మాఘం దాకా ఆగు, ఆరాక నేనే విప్పి చూపిస్తాను."

కిటికీ ఇప్పుడు ఆయన ఇంట్లోనే, ఎండ తగలని గూట్లో ఉంది.